వెతికిన మేరకే లేదు

కలివికోడి రాత్రిపూట తిరిగే పిట్ట. కడప జిల్లాలో లంకమల కొండల పాదాల దగ్గర ముళ్ళకంపా, కలివి పొదలూ పలచగా పెరిగి, మధ్యమధ్య మన్ను బయటపడి కనిపించే నేలల్లో ఉంటుంది. జానెడు కంటే కాస్త పొడవు, రొమ్ము మీద అడ్డంగా రెండు పట్టీలు, కంటి మీదుగా తెల్లటి గీత. పగలు పొద నీడన కదలకుండా కూర్చుంటే మట్టికీ దానికీ తేడా తెలియదు. మద్రాసు సైన్యంలో డాక్టరుగా పనిచేసిన థామస్ జెర్డన్ 1848లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. తర్వాత గోదావరి లోయలో భద్రాచలం, సిరోంచ ప్రాంతాల్లో కూడా ఉన్నట్టు రాసుకున్నారు. 1900లో అనంతపురం దగ్గర ఒకసారి కనిపించింది. ఆ మీదట 86 ఏళ్ళపాటు ఏ పక్షిశాస్త్రవేత్త కంటా పడలేదు. వెతికినవాళ్ళు వెతికారు, వట్టి చేతులతో తిరిగొచ్చారు. ఈ జాతి అంతరించిపోయి ఉంటుందన్న మాట పుస్తకాల్లోకి ఎక్కింది.

1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ లంకమల ప్రాంతానికి వచ్చారు. ఆయన దుర్భిణి ఒక్కటే నమ్ముకోలేదు. పిట్ట బొమ్మలు పట్టుకుని ఊళ్ళవాళ్ళను అడిగారు. రాత్రుళ్ళు టార్చిలైటుతో పొదల్లో వేటాడే అలవాటున్నవాళ్ళకు అది కొత్త పిట్టేమీ కాదు. రెడ్డిపల్లి దగ్గర అలాంటి ఒక వేటగాడి చేతికి కలివికోడి ప్రాణాలతో చిక్కింది. శాస్త్రం లెక్కలో చచ్చిపోయిన పిట్ట అక్కడివాళ్ళ నోట్లో పేరుతో సహా బతికే ఉంది.

ఇలాంటి సందర్భాల్లో ఇంగ్లీషు తెలిసినవాళ్ళు వెంటనే ఒక మాట వాడతారు: ఆధారం లేకపోవడం, లేదనడానికి ఆధారం కాదు. ఈ మాట పాతదే, 19వ శతాబ్దం చివర్లోనే అచ్చులో కనిపిస్తుంది. కార్ల్ సేగన్ 1995లో 'ద డీమన్ హాంటెడ్ వరల్డ్' పుస్తకంలో ఎత్తిచూపాక మరింత పాకింది. తెలియని సంగతిని తెలియదని వదిలేయలేక ఏదో ఒక తీర్పు చెప్పేసే తొందరకు కళ్ళెంగా సేగన్ దాన్ని వాడాడు. ఇప్పుడది కళ్ళెంగా కంటే కవచంగా ఎక్కువ ఉపయోగపడుతోంది. మందు పనిచేస్తుందని రుజువేదని అడిగితే, పనిచేయదనడానికి మాత్రం రుజువేదని ఎదురు అడుగుతారు. దయ్యాలకూ, ఎగిరే పళ్ళేలకూ, పుకారు కుట్రలకూ ఇదే కవచం. అవతలి పక్షం కూడా తక్కువ తినలేదు. 'హాని జరిగినట్టు ఆధారాలేవీ లేవు' అని కంపెనీ ప్రతినిధి ప్రకటించేటప్పుడు, హాని కోసం ఎవరైనా వెతికారా లేదా అన్నది ఆ వాక్యంలో ఉండదు.

మాట తప్పని నేననను. సగం మాట అంటాను. దొరకలేదన్న కబురుకు ఎంత బరువివ్వాలన్నది పూర్తిగా ఒక్క ప్రశ్న మీద ఆధారపడుతుంది: అది నిజంగా అక్కడ ఉండి ఉంటే, మనం వెతికిన తీరుకు దొరికేదేనా?

పెరట్లోకి ఒక్కసారి తొంగిచూసి గేదె లేదంటే ఎవరైనా ఒప్పుకుంటారు. అదే తొంగిచూపుతో ముక్కుపుడక లేదంటే ఒప్పుకోరు. రెండు చోట్లా జరిగింది ఒకటే, కంటికి ఏమీ కనిపించలేదు. గేదె ఉంటే కనిపించకుండా పోదు కాబట్టి మొదటిది గట్టి సాక్ష్యం. రెండోది సాక్ష్యమే కాదు.

దీన్ని లెక్కలోకి దించితే ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఒక వస్తువు ఒకచోట ఉండటానికీ లేకపోవడానికీ చెరిసగం అవకాశం అనుకుందాం. ఉంటే నూటికి తొంభైసార్లు పట్టుకోగల పద్ధతితో వెతికాం, దొరకలేదు. అప్పుడు అది ఉండటానికున్న అవకాశం 50 శాతం నుంచి దాదాపు 9 శాతానికి పడిపోతుంది. ఉంటే నూటికి పదిసార్లే పట్టుకోగల నాసి పద్ధతితో వెతికి ఉంటే? 50 కాస్తా 47 అవుతుంది, అంతే. నాసి పద్ధతైనా ఓపిగ్గా పదిసార్లు వెతికితే 26 శాతానికి దిగుతుంది. బేయిస్ సూత్రం తెలిసినవాళ్ళు ఈ అంకెల్ని కాగితం మీద నిమిషంలో సరిచూసుకోవచ్చు.

ఆ చివరి లెక్కలో ఒక మెలిక ఉంది. ఒక వెతుకులాటతో ఇంకోదానికి సంబంధం లేకపోతేనే పది వెతుకులాటలు కలిసి బరువు పెంచుతాయి. పదిసార్లూ ఒకే గుడ్డితనంతో వెతికితే పదీ కలిపి ఒక్కటే. కలివికోడి విషయంలో జరిగింది ఇదే. రాత్రి పిట్టని బయటినుంచి వచ్చిన శాస్త్రవేత్తలకు తెలియదు, పగటి కళ్ళతో చూశారు. అలా ఇంకో వందేళ్ళు తిరిగినా అంతరించిందనడానికి బలం చేకూరేది కాదు. అందుకే తర్వాతి కాలంలో అక్కడ పనిచేసినవాళ్ళు ముందు పద్ధతినే మార్చారు. పొదల మధ్య దారుల్లో మెత్తటి మన్ను పట్టీలుగా పరిచి, తెల్లారాక వాటి మీద అడుగుజాడలు చూసేవాళ్ళు. కలివికోడి పాదానికి వెనకవేలు లేదు. తీతువులాంటి పిట్టల జాడల్లోంచి దాని జాడను కొలతల్ని బట్టి ఏరుకోవచ్చు. పొద్దుగూకాక దాని కూత రికార్డు చేసి, మళ్ళీ వినిపించి, జవాబు వస్తుందేమోనని చెవులు రిక్కించేవాళ్ళు. ఇలా వెతికినచోట 'లేదు' అని రాస్తే ఆ మాటకు అంతకుముందు లేని విలువ వచ్చింది. ఉన్నచోట పట్టీల మీద జాడ పడుతుందని ముందే తేల్చుకున్నారు కాబట్టి.

పిట్ట విషయంలో పొరపాటైతే పుస్తకంలో ఒక వాక్యం దిద్దుకుంటే సరిపోతుంది. ఆ ఇంగ్లీషు మాటే ఒక యుద్ధానికి ముందుమాటగా కూడా వినిపించింది. 2002 జూన్ 6న బ్రసెల్స్‌లో నాటో కార్యాలయంలో విలేకరులు అమెరికా రక్షణమంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్‌ను ఇరాక్ గురించి అడిగారు. సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయనడానికి రుజువేది? ఆధారం లేకపోవడం లేదనడానికి ఆధారం కాదు అన్నాడాయన.

రమ్స్‌ఫెల్డ్‌ను వెక్కిరించడం తేలిక. కానీ ఆ రోజున ఆ మాటలో తర్కదోషం లేదు. ఐక్యరాజ్యసమితి ఆయుధ తనిఖీదార్లు 1998 డిసెంబరులో ఇరాక్ వదిలి వెళ్ళారు. మూడున్నరేళ్ళుగా ఆయుధాల కోసం ఆ దేశంలో అడుగుపెట్టి వెతికినవాళ్ళు లేరు. చూడనప్పుడు కనపడలేదనడంలో అర్థం లేదు. 2002 జూన్ నాటికి 'తెలియదు' అన్నదే సరైన జవాబు, రమ్స్‌ఫెల్డ్ మాట ఆ మేరకు చెల్లుతుంది. అది ఆయుధాలు 'ఉన్నాయి' అనడానికి పనికిరాదన్నది వేరే సంగతి.

ఆ నవంబరు 27న తనిఖీలు మళ్ళీ మొదలయ్యాయి. హాన్స్ బ్లిక్స్ నాయకత్వంలోని బృందాలు 2003 మార్చి నడుమకల్లా 400కు పైగా చోట్ల 700కు పైగా తనిఖీలు చేశాయి. చాలాచోట్లకు ముందుగా కబురు లేకుండా వెళ్ళారు. అమెరికా, బ్రిటన్ గూఢచారి సంస్థలు ఫలానా చోట చూడండని ఇచ్చిన చిరునామాలకూ వెళ్ళారు. కంటికి ఏమీ ఆనని తనిఖీలు కావవి. జనవరిలో ఒక గోదాములో ఖాళీ రసాయన వార్‌హెడ్లు పట్టుకున్నారు. 150 కిలోమీటర్ల హద్దు దాటుతున్న అల్ సమూద్ క్షిపణుల్ని గుర్తించి, ధ్వంసం చేయించడం మొదలుపెట్టారు. అంత చిన్నవి పట్టుకోగలిగిన వల పెద్ద నిల్వల్ని ఎందుకు పట్టుకోలేదు? అణు కార్యక్రమం మళ్ళీ మొదలైందనడానికి ఆధారమేదీ కనపడలేదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అధిపతి మొహమ్మద్ ఎల్ బరాదీ మార్చి 7న భద్రతామండలికి చెప్పాడు.

అంటే జూన్‌లో తూకానికి రాని 'ఆధారం లేదు', మార్చి వచ్చేసరికి తనిఖీ తనిఖీకీ బరువెక్కుతూ వచ్చింది. అమెరికా వైపు నమ్మకం మాత్రం వీసమెత్తు తగ్గలేదు. దొరక్కపోవడం దాచిపెట్టడంలో ఇరాక్ అధ్యక్షుడు సద్దాం నేర్పరితనానికి నిదర్శనం అయింది. ప్రయోగశాలలు ట్రక్కుల మీద తిరుగుతున్నాయి కాబట్టే దొరకడం లేదని ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగమంత్రి కోలిన్ పావెల్ భద్రతామండలిలో బొమ్మలు వేసి చూపించాడు. దొరికితే ఉన్నట్టు, దొరక్కపోతే ఇంకా గట్టిగా ఉన్నట్టు! సంభావ్యత లెక్కలు ఈ ఆటకు ఒప్పుకోవు. ఒక సంగతి దొరికితే నమ్మకం పెరిగేటట్టయితే, దొరకనప్పుడు ఎంతో కొంత తగ్గి తీరాలి. రెండు వైపులా పెరిగేదాన్ని లెక్కలో రాయడానికే వీలుండదు. మార్చి 20న యుద్ధం మొదలైంది. తర్వాత వెయ్యిమందికి పైగా సిబ్బందితో దేశమంతా గాలించిన ఇరాక్ సర్వే గ్రూపు, అలాంటి నిల్వలేవీ లేవని 2004లో నివేదిక ఇచ్చింది.

లేదన్న మాటను ఎలా చెప్పాలో నేర్చుకోవాలంటే భౌతికశాస్త్రం దగ్గరికి పోవాలి. 19వ శతాబ్దంలో కాంతి ఈథర్ అనే పదార్థంలో అలలుగా ప్రయాణిస్తుందని దాదాపు అందరూ నమ్మేవాళ్ళు. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో పోతోంది కాబట్టి ఆ ఈథర్ మనకు ఎదురుగాలిలా తగలాలి. ఆల్బర్ట్ మైకెల్సన్ 1881లో జర్మనీలో ఆ గాలి కోసం ఒక పరికరం కట్టాడు. ఒక కాంతిపుంజాన్ని రెండుగా చీల్చి, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి పంపి, మళ్ళీ కలిపితే వెలుగూ చీకటీ చారలు ఏర్పడతాయి. పరికరాన్ని తిప్పినప్పుడు ఈథర్ గాలి దిశ మారి చారలు కాస్త పక్కకు జరగాలి. బెర్లిన్‌లో వీధిలో బళ్ళ కుదుపుకు చారలు నిలబడేవి కావు, అర్ధరాత్రి కూడా. పొట్స్‌డామ్ వేధశాలకు మార్చాడు. అక్కడ చారలు జరగలేదు. ఈథర్ గాలి లేదని రాసేశాడు.

తొందరపడ్డాడు. చారలు ఎంత జరగాలన్న లెక్కను ఆయన రెండింతలు ఎక్కువ వేసుకున్నాడని పోటియే, ఆ తర్వాత లోరెంజ్ చూపించారు. సరిచేసి చూస్తే, జరగాల్సిన దూరం పరికరం పొరపాటుపడగల దూరంతో ఇంచుమించు సమానం. గాలి ఉన్నా కనపడేది కాదు. ఆరేళ్ళ తర్వాత అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ మోర్లీతో కలిసి మైకెల్సన్ మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి పరికరాన్ని అడుగు మందం, ఐదడుగుల చదరం ఇసుకరాతి పలక మీద బిగించారు. ఆ పలకను పాదరసం నింపిన తొట్టిలో తేల్చారు. అద్దాల మధ్య కాంతిని అటూ ఇటూ చాలాసార్లు నడిపించి, దారిని 11 మీటర్లకు పొడిగించారు. రాయిని ఒకసారి మెల్లగా తోస్తే ఆరు నిమిషాలకొక చుట్టు తిరుగుతూ ఉండేది. ఒకరు దానితోపాటే నడుస్తూ, కన్ను కంటిగాజుకు ఆనించి, చుట్టులో పదహారు గుర్తుల దగ్గర చారల స్థానం చూసి చెప్పాలి. ముట్టుకోకూడదు, ఆగకూడదు. 1887 జులైలో కొద్ది రోజుల్లో, మధ్యాహ్నాలూ సాయంత్రాలూ ఈ నడక సాగింది.

ఈథర్ గాలి ఉంటే చారలు ఒక చార వెడల్పులో పదింట నాలుగు వంతులు జరగాలి. జరిగింది, నిజంగా ఏమైనా జరిగి ఉంటే, అందులో ఇరవయ్యో వంతు కంటే తక్కువ. పొట్స్‌డామ్ సున్నా, క్లీవ్‌లాండ్ సున్నా చూడటానికి ఒకటే. మొదటిది ఏమీ చెప్పలేదు, రెండోది 19వ శతాబ్దపు భౌతికశాస్త్రం పునాదిని కదిలించింది. నాకు అన్నిటికంటే నచ్చేది వాళ్ళు ఫలితం రాసిన తీరు. ఈథర్ గాలి లేదని ఊరుకోలేదు. అది ఉంటే గింటే దాని వేగం భూకక్ష్యా వేగంలో నాలుగో వంతుకు తప్పకుండా తక్కువ, బహుశా ఆరో వంతుకు కూడా తక్కువ అని రాశారు. తమ సున్నా ఎంత పెద్దదో కొలిచి ఇచ్చారన్నమాట. ఇంకా మెల్లగా వీచే గాలి ఉందని ఎవరైనా అంటే, ఆ సంగతి తాము తేల్చలేదని అందులోనే ఉంది.

వైద్యంలో ఈ క్రమశిక్షణ చాలా ఆలస్యంగా వచ్చింది. మందు ఇచ్చినవాళ్ళకూ ఇవ్వనివాళ్ళకూ 'చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు' అని ముగిసిన 71 ట్రయల్స్‌ను ఫ్రైమన్, చామర్స్ తదితరులు 1978లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో తిరగదోడారు. మందు నిజంగా సగానికి సగం మేలు చేస్తున్నా, దాన్ని పసిగట్టలేకపోయే ప్రమాదం పదింట ఒక వంతుకు మించి ఉన్న ట్రయల్స్ వాటిలో 50 తేలాయి. కారణం పెద్ద రహస్యమేమీ కాదు, చేర్చుకున్న రోగులు చాలరు. పదిమందికి ఒక మందు, పదిమందికి ఉత్తుత్తి మందు ఇచ్చి తేడా లేదనడం పెరట్లోకి తొంగిచూడటమే.

దీని ఖరీదు స్ట్రెప్టోకైనేజ్ కథలో కనిపిస్తుంది. గుండెపోటులో రక్తనాళానికి అడ్డుపడిన గడ్డను కరిగించే మందిది. దీనిమీదా, ఇలాంటి మరికొన్ని మందులమీదా ఏళ్ళ తరబడి 24 ట్రయల్స్ జరిగాయి. వాటిలో ఐదింటిలోనే తేడా గణాంకాల గీత దాటింది. మిగతావి చదివిన డాక్టరు ఈ మందు దండగ అనుకుంటే తప్పు పట్టలేం. అన్నిటినీ కలిపి 1985లో లెక్క కడితే మరణాలు 22 శాతం తగ్గుతున్నట్టు తేలింది. మరుసటి సంవత్సరం ఇటలీలో 11 వేలకు పైగా రోగులతో జరిగిన పెద్ద ట్రయల్ అనుమానం తీర్చేసింది. 21 రోజుల్లో మామూలు చికిత్స అందినవాళ్ళలో నూటికి 13 మంది చనిపోతే, స్ట్రెప్టోకైనేజ్ అందినవాళ్ళలో 10.7 మంది. నూటికి ఇద్దరు ముగ్గురు, అంటే చిన్న ట్రయల్‌లో కాకతాళీయంగా కొట్టుకుపోయే తేడా. గుండెపోటు వచ్చినవాళ్ళు లక్షల్లో ఉంటే వేల ప్రాణాలు. డగ్లస్ ఆల్ట్‌మన్, మార్టిన్ బ్లాండ్ అనే ఇద్దరు గణాంకవేత్తలు 1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ ఉదాహరణ చెబుతూ రాసిన చిన్న వ్యాసానికి శీర్షికగా పెట్టింది మన ఇంగ్లీషు మాటనే. ఆ మాట అంత సరిగ్గా అతికిన చోటు నాకింకొకటి కనపడలేదు.

మందు దుష్ఫలితాల దగ్గర సమస్య తిరగబడుతుంది. 300 మందికి ఇచ్చాం, ఒక్కరికీ ఏమీ కాలేదు అంటారు. ఇక్కడ చేతికందే సూత్రం ఒకటుంది: ఎంతమందిలో సున్నా వచ్చిందో ఆ సంఖ్యతో మూడును భాగించండి. 300 మందిలో సున్నా అయితే, అసలు ప్రమాదం నూటికి ఒకరి దాకా ఉండే వీలుంది. నిజంగా నూటికి ఒకరికి హాని చేసే మందైనా, 300 మందిలో ఒక్కరికీ తగలకుండా పోవడానికి దాదాపు 5 శాతం అవకాశం ఉంటుంది మరి. పదివేలకొకరికి మించి హాని లేదని చెప్పాలంటే 30 వేలమందిలో సున్నా చూపించాలి. మందుల ప్రకటనల్లో 'దుష్ఫలితాలు లేవు' అన్న మాట పక్కన ఈ సంఖ్య వేయాలని చట్టం ఉంటే బాగుండును.

చివరికి, లేదని గట్టిగా చెప్పాల్సిన పని ఒక దేశం నెత్తినే పడితే? పోలియో విషయంలో మనకు అదే పరిస్థితి వచ్చింది. భారతదేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో ఒక పాపకు వచ్చింది. ఆ తర్వాత కేసుల్లేవు. కానీ పోలియో వైరస్ సోకిన పిల్లల్లో కాలు చచ్చుబడేది దాదాపు రెండువందల్లో ఒకరికే. మిగతావాళ్ళు దాన్ని మోస్తూ ఆడుకుంటూ ఉంటారు. మారుమూల తండాలో ఒక పిల్లవాడి కాలు చచ్చుబడితే నాటుమందు కట్టి ఊరుకున్నా ఊరుకోవచ్చు. కేసులు రాలేదంటే పోలియో పోయిందనా, మనకు తెలియలేదనా?

పోలియో కోసం వెతికితే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. అందుకని పోలియో కాని పక్షవాతాల కోసం వెతికారు. పదిహేనేళ్ళలోపు పిల్లలకు హఠాత్తుగా కాలో చెయ్యో చచ్చుబడి వేలాడిపోవడాన్ని డాక్టర్లు ఏఎఫ్‌పీ అంటారు. దానికి పోలియో ఒక్కటే కారణం కాదు. గిలాన్-బారే సిండ్రోమ్ ఉంది, వెన్నుపాము వాపు ఉంది, పిరుదులో పొడిచిన ఇంజెక్షన్ నరానికి తగలడం ఉంది. పోలియో బొత్తిగా లేని దేశంలో కూడా ఏటా లక్షమంది పిల్లల్లో కనీసం ఒకరికి ఇలాంటిది వస్తుంది. కాబట్టి ఏ జిల్లాలోనైనా ఆ మాత్రం కేసులు నమోదు కావాలి. కాకపోతే అక్కడ వల చిరిగి ఉందన్నమాట. మన దేశం ఏటా 50 వేలకు పైగా ఇలాంటి కేసుల్ని పట్టుకుంది, కావాల్సినదానికి ఎన్నో రెట్లు. ప్రతి పిల్లవాడి నుంచీ రెండు మలం నమూనాలు, ఒక రోజు ఎడంతో, పక్షవాతం వచ్చిన 14 రోజుల్లోపు తీయాలి. ఐసుపెట్టెలో పెట్టి, దారిలో వేడెక్కకుండా ల్యాబుకు చేర్చాలి. వేడెక్కితే వైరస్ చచ్చిపోతుంది. అప్పుడు ల్యాబు 'లేదు' అని చెప్పినా చెల్లదు. ఇన్ని వేల నమూనాల్లో మూడేళ్ళపాటు సహజ పోలియో వైరస్ కనపడకపోతేనే, 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియోరహిత ధ్రువపత్రం ఇచ్చింది.

రెండువందల్లో 199 మంది తప్పించుకునే దారిని కూడా మూయాలి కదా, దానికి మురుగునీళ్ళు. వైరస్ సోకిన పిల్లవాడు ఆరోగ్యంగా ఉన్నా, అతని మలంతో పాటు అది కాలువలోకి వస్తుంది. ముంబైలో 2001 నుంచీ మురుగు నమూనాలు పరీక్షిస్తున్నారు, తర్వాత మిగతా నగరాలకూ విస్తరించారు. హైదరాబాదులో ఆ వల పనిచేస్తోందని 2016లో తెలిసింది. రెండో రకం సహజ పోలియో వైరస్ 1999 తర్వాత ప్రపంచంలో ఎక్కడా కనపడలేదు కనుక, ఆ రకాన్ని చుక్కల మందులోంచి 2016 ఏప్రిల్ 25న తీసేశారు. కొద్ది వారాలకే అంబర్‌పేట దగ్గర తీసిన మురుగు నమూనాలో, టీకాలోని రెండో రకం నుంచే మార్పులు చెంది పుట్టిన వైరస్ బయటపడింది. ఎవరికీ కాలు చచ్చుబడలేదు. అయినా జూన్‌లో హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాల్లో దాదాపు మూడు లక్షలమంది పిల్లలకు వారం రోజుల్లో పోలియో ఇంజెక్షన్లు వేశారు. నగరంలో పోలియో ఉందంటూ అప్పట్లో కాస్త గగ్గోలైంది. నా మట్టుకు నాకు అది ధైర్యాన్నిచ్చిన వార్త. ఇంత పెద్ద నగరం మురుగులో అంత చిన్న పోగును పట్టుకున్నవాళ్ళు, మిగతా నెలల్లో లేదన్నప్పుడు నమ్మవచ్చు.

ఈ నిఘాలో భాగంగా ఆసుపత్రుల నుంచి వారం వారం నివేదిక పోతుంది. ఆ వారం ఒక్క కేసూ రాకపోయినా పంపాల్సిందే, గడిలో సున్నా అని రాసి. ఎవరో వార్డులూ రిజిస్టర్లూ చూసి కేసుల్లేవని తేల్చుకున్నారని ఆ సున్నాకు అర్థం. ఖాళీగా వదిలిన గడిని మాత్రం సున్నాగా తీసుకోరు. నివేదిక రాలేదనే లెక్కేసి, ఆ ఆసుపత్రికి ఫోన్ చేస్తారు.